పొరల ఉక్కు సాగగొట్టడానికి ఇంటి కొలిమిలో ఏ యంత్రం పెట్టుకోవాలి?

ఏ యంత్రమూ కొనకముందు, ఉక్కు పట్టీలు పేర్చి అతికించిన దిమ్మె ఒక్కదాన్నైనా మీ చేత్తో సాగగొట్టండి. ఎన్ని కాకలు పట్టాయో గోడమీద సుద్దతో గీతలు గీసి లెక్కపెట్టండి. కొలిమిలోంచి తీసి, దాగలి మీద పెట్టి కొట్టి, రంగు దిగిపోయాక మళ్లీ కొలిమిలో పెడితే ఒక కాక. నా మొదటి దిమ్మె 35 మిల్లీమీటర్ల మందం నుంచి 10 మిల్లీమీటర్లకు దిగేసరికి 31 కాకలు పట్టాయి. ఒక్కో కాకకు కొలిమిలో నాలుగైదు నిమిషాలు, దాగలి మీద అరనిమిషం. రెండున్నర గంటలు చెమటోడిస్తే అందులో సుత్తి ఉక్కును తాకింది పావుగంట. మీకు ఎలాంటి యంత్రం కావాలో, అసలు కావాలో వద్దో ఆ సుద్దగీతలే చెబుతాయి.

పొరల ఉక్కు గురించి కొత్తవారికి రెండు మాటలు. రెండు రకాల ఉక్కు పట్టీలను ఒకదానిమీద ఒకటి పేర్చి, బాగా కాచి, ఒత్తిడితో అతికించి, సాగగొట్టి, ముక్కలు కోసి మళ్లీ పేర్చి అతికిస్తూ పోతే వచ్చేది ఇది. బజారులో డమాస్కస్ అని అమ్ముతారు. నిజామాబాదు ప్రాంతపు కోనసముద్రంలో మన పూర్వులు మూసల్లో తీసి దేశదేశాలకు పంపిన ఉక్కు ఇది కాదు. ఆ ఉక్కులోని గీతలు లోహం గడ్డకట్టేటప్పుడు మొదలై, కాచి సాగగొట్టేకొద్దీ లోపలినుంచి తేలేవి. ఈ ఉక్కులో గీతలను మనమే పేరుస్తాం. 1973లో అమెరికాలో విలియం మోరన్ ఇలా చేసిన కత్తులను ప్రదర్శనలో పెట్టిన తర్వాత ఇళ్ల వెనక కొలిములు పెట్టుకునేవారికి దీనిమీద మోజు పెరిగింది.

పని బరువు ఎంతో ముందు అంకెల్లో చూద్దాం. తొమ్మిది పట్టీలు పేర్చిన దిమ్మె 35 మిల్లీమీటర్ల మందం, 40 వెడల్పు, 120 పొడవు ఉందనుకోండి. దాన్ని 10 మిల్లీమీటర్ల మందానికి దించితే మూడున్నర రెట్లు సాగాలి. నాలుగు ముక్కలు కోసి పేరిస్తే మళ్లీ 40 మిల్లీమీటర్ల మందం. లెక్కకు 36 పొరలు. పైనా కిందా ఉన్నది ఒకే రకం ఉక్కయితే అతుకుల దగ్గర అవి కలిసిపోయి కంటికి కనిపించేవి 33. ఇంకోసారి నాలుగు రెట్లు సాగదీసి, కోసి పేరిస్తే 129. చివరికి 35 వెడల్పు, 6 మందం ఉన్న కత్తిపట్టీగా దించడానికి ఏడున్నర రెట్లు. మొత్తం గుణిస్తే ఉక్కు నూరు రెట్లకు పైగా సాగింది. అతికించడం నాలుగు నొక్కుల్లో అయిపోతుంది. మీ రోజంతా తినేది సాగగొట్టడమే. అందుకే యంత్రాన్ని ఎంచుకునేటప్పుడు బాగా అతుకుతుందా అన్నదానికంటే, ఒక్క కాకకు ఎంత సాగుతుందన్న ప్రశ్నే ముందు వేసుకోండి.

కాకలు తగ్గడం సమయం కోసమే కాదు. ప్రతి కాకకూ పైపొర పొలుసుగా రాలిపోతుంది, ఉపరితలంలో కార్బన్ తగ్గుతుంది. లోపల కార్బన్ ఒక పొరలోంచి ఇంకో పొరలోకి చేరి సమమైపోతుంది. రెండు ఉక్కుల్లో ఒకదానిలో ఉండే నికెల్ మాత్రం ఉన్నచోటే ఉంటుంది. చివర్లో ఫెర్రిక్ క్లోరైడులో ముంచినప్పుడు వెండిలా మెరిసేది ఆ నికెల్ పొరే.

స్థలం చూసుకోండి

నేను బెంగళూరులో పని మొదలుపెట్టింది 30×40 అడుగుల సైటులో, ఇంటి వెనక ఆరడుగుల సందులో. చేతిసుత్తి మోతకే పక్కింటివారి కాంపౌండు గోడ అదిరేది. వాళ్లింట్లో ఒక పెద్దాయన గుండె జబ్బుతో మంచం మీద ఉన్నారు. ఆ సంగతి తెలిసిన రోజునే సుత్తి పక్కన పెట్టాను. 2000 సంవత్సరపు శబ్ద కాలుష్య నియమాల ప్రకారం నివాస ప్రాంతంలో పగటిపూట పరిమితి 55 డెసిబెళ్లు, రాత్రి 10 నుంచి ఉదయం 6 వరకు 45. దాగలి మీద సుత్తి మోత దానికి ఎన్నో రెట్లు పైన ఉంటుంది. మోటారుతో నడిచే సుత్తి, అంటే పవర్ హ్యామర్ అయితే శబ్దంతోపాటు నేల కూడా కదులుతుంది. ఇళ్లు ఒకదానికొకటి ఆనుకున్న వీధిలో ఉంటే పవర్ హ్యామర్ ఆలోచన ఇక్కడితో వదిలేయండి, నూనె ఒత్తిడితో నొక్కే హైడ్రాలిక్ ప్రెస్సు గురించే చదవండి. ఊరి బయట హోస్కోటే వైపో కెంగేరి దాటాకో షెడ్డు అద్దెకు తీసుకోగలిగితే రెండు దారులూ తెరిచే ఉంటాయి. అపార్టుమెంటులో మాత్రం కొలిమి వద్దు, బాల్కనీలోనూ వద్దు, మేడమీదా వద్దు.

కొలిమి చాలకపోతే ఏ యంత్రమూ ఆదుకోదు

అతుకు పడాలంటే దిమ్మె లోపలిదాకా దాదాపు 1200 డిగ్రీల సెల్సియస్ చేరాలి. సాగగొట్టడం 1100 నుంచి 900 మధ్య జరగాలి. అంతకన్నా చల్లారిన దిమ్మెను నొక్కితే అతుకులు విడిపోతాయి. వేడి అన్నివైపులా సమంగా లేకపోతే వేడిగా ఉన్న పక్క ఎక్కువ సాగి దిమ్మె వంకర పోతుంది.

కొలిమి గది సాగిన పట్టీకి చాలాలి. 120 మిల్లీమీటర్ల దిమ్మెకు సరిపోయిందని చిన్న కొలిమి కట్టుకుంటే రెండో రోజే ఇబ్బంది మొదలవుతుంది. లోపలి పొడవు 300 మిల్లీమీటర్లు ఉంచి, వెనక ఒక చిన్న కిటికీ పెట్టండి. పొడుగు పట్టీని అందులోంచి అవతలికి తోసి మధ్యభాగం కాచుకోవచ్చు. కొలిమి లోపల పరిచే సిరామిక్ ఉన్ని మీద వేడిని తట్టుకునే పూత తప్పనిసరి. ఆ ఉన్ని నూగు ఊపిరితిత్తులకు చేటు కాబట్టి మాస్కు లేకుండా దాన్ని ముట్టుకోవద్దు. అతుకులకు వాడే వెలిగారం కరిగి ఆ ఉన్నిని చక్కెరలా తినేస్తుంది. అడుగున మార్చుకోదగిన, వేడిని తట్టుకునే పలక పరచండి.

గ్యాసుకు వంటింటి 14.2 కిలోల సిలిండరు వాడకూడదు. 19 కిలోల వాణిజ్య సిలిండరు, ఒత్తిడి సర్దుకునే హై ప్రెషర్ రెగ్యులేటరు, దానికి తగిన గొట్టం తీసుకోండి. వంటింటి రెగ్యులేటరు ఇచ్చే ఒత్తిడి ఈ బర్నరుకు ఏ మూలకూ రాదు. డిసెంబరు ఉదయాల్లో సిలిండరు మంచుపట్టి ఒత్తిడి పడిపోతుంది. మామూలు నీళ్లున్న తొట్టిలో నిలబెడితే తేరుకుంటుంది, మంట మాత్రం దాని దగ్గరికి రానివ్వకండి. బెంగళూరు సముద్రమట్టానికి 900 మీటర్ల ఎత్తున ఉంది, గాలి సాంద్రత పదో వంతు తక్కువ. చెన్నైలో సరిగ్గా మండిన బర్నరు ఇక్కడ కాస్త గ్యాసు ఎక్కువై మండుతుంది. అతుకులకు అది మంచిదే కానీ కార్బన్ మోనాక్సైడు కూడా పెరుగుతుంది. షెడ్డుకు రెండువైపులా గాలి దారి ఉండాలి.

సమ్మెట, పవర్ హ్యామర్, రోలరు, ప్రెస్సు

మా ఊరి కమ్మరి దాగలి పక్కన కూర్చొని ఎడమచేత్తో పటకారు పట్టుకునేవాడు. కుడిచేతి చిన్న సుత్తితో ఇనుము మీద ఒకచోట టక్కుమని తాకించేవాడు. ఆ చోటే, అంతే వాలులో, ఆయన భార్య నిలబడి సమ్మెట వేసేది. నోటిమాట ఉండేది కాదు. చిన్న సుత్తి దాగలిని ఖాళీగా తాకితే ఆపమని అర్థం. ఇద్దరు మనుషులు, 4 కిలోల సమ్మెట ఉంటే 31 కాకలు 15కు దిగుతాయి. ఏడాదికి రెండు మూడు కత్తులు చేసేవారికి ఇంతకు మించి అవసరం లేదని నా గట్టి నమ్మకం. డబ్బు మంచి దాగలి మీద పెట్టండి. రైలుపట్టా ముక్క వాడేవారు దాన్ని పడుకోబెట్టకుండా నిలువుగా పాతి, కొస మీద కొట్టాలి. అప్పుడు సుత్తి కింద బరువంతా ఉంటుంది. పట్టా ముక్క కొనేటప్పుడు రైల్వే వేలం రశీదు అడగండి. రశీదు లేని పట్టా మీ దగ్గర దొరికితే 1966 నాటి రైల్వే ఆస్తి చట్టం కింద కేసు మీమీదికే వస్తుంది.

పవర్ హ్యామరు సాగగొట్టడంలో అన్నిటికన్నా వేగం. దెబ్బ క్షణంలో పడి లేస్తుంది కాబట్టి డై (దిమ్మెను తాకి నొక్కే ముక్క) ఉక్కులోని వేడిని లాగేసుకోదు. వరుస దెబ్బలకు పల్చటి పట్టీ రంగు నిలబడే ఉంటుంది. 40 మిల్లీమీటర్ల దిమ్మెలకు 25 కిలోల ర్యామ్ (పైకీ కిందికీ కదిలి దెబ్బ వేసే భాగం) ఉన్న హ్యామరు చాలు. లుధియానా, బటాలా వైపు తయారైన స్ప్రింగు హ్యామర్లు పాతవి దొరుకుతాయి. కొనేముందు మూడు చూడండి. కింది దాగలి బరువు ర్యామ్ బరువుకు కనీసం పది రెట్లు ఉండాలి. పై డై, కింది డై ఒకే గీతలో కలవాలి. పెడల్‌ను మెల్లగా నొక్కితే కోడిగుడ్డు పెంకు పగిలేంత మెత్తటి దెబ్బ కూడా వేయగలగాలి. ఆ మూడోది లేని యంత్రం పొరల ఉక్కుకు పనికిరాదు. తొలి దెబ్బలే గట్టిగా పడితే ఇంకా కుదురుకోని అతుకులు జారిపోతాయి. పునాదికి షెడ్డు నేలతో సంబంధం లేకుండా విడిగా కాంక్రీటు దిమ్మె పోసి, యంత్రం కింద గట్టి రబ్బరు పరచాలి.

తిరిగే రెండు ఉక్కు రోళ్ల మధ్య పట్టీని దూర్చి పల్చబరిచే రోలరు గురించి తక్కువే చెబుతాను. అతుకు కుదిరి, 15 మిల్లీమీటర్లకు దిగిన పట్టీని నునుపుగా, సమంగా పల్చబరచడంలో దానికి సాటిలేదు. మందపాటి దిమ్మెకు, తొలి అతుకుకు అది పనికిరాదు. రెండో యంత్రంగా కొనవలసింది.

ఊళ్లో ఉండేవారికి ప్రెస్సు. మోటారు హోరు తప్ప మోత ఉండదు, నేల కదలదు. నెమ్మదిగా నొక్కుతుంది కాబట్టి ఒత్తిడి దిమ్మె నడిబొడ్డుదాకా దిగుతుంది, అతుకులు బాగా పడతాయి. నా 31 కాకల పని ప్రెస్సు మీద ఏడు కాకలకు దిగింది. లోపం ఒకటే. నొక్కినంతసేపు చల్లటి డై వేడిని తాగేస్తుంది. 12 మిల్లీమీటర్ల కన్నా పల్చబడ్డాక ప్రెస్సుతో పోరాడకండి, చేతిసుత్తికి మారండి.

టన్నులకన్నా ముందు డై వెడల్పు

ఎక్కువమంది డబ్బు పోగొట్టుకునేది ఇక్కడే. 20 టన్నులా, 30 టన్నులా, 50 టన్నులా అని అడుగుతారు, డై ఎంత వెడల్పు అని అడగరు.

నారింజరంగు వేడిలో ఉన్న ఉక్కు లొంగాలంటే చదరపు మిల్లీమీటరుకు సుమారు 10 కిలోల ఒత్తిడి కావాలి. ఎర్రబడేసరికి అది దాదాపు రెట్టింపవుతుంది. 40 మిల్లీమీటర్ల వెడల్పున్న దిమ్మెను 75 మిల్లీమీటర్ల చదును డైతో నొక్కితే తాకే వైశాల్యం 3000 చదరపు మిల్లీమీటర్లు. అంటే 30 టన్నులు. అదే దిమ్మెను 25 మిల్లీమీటర్ల డైతో నొక్కితే వైశాల్యం 1000, చాలినది 10 టన్నులు. అంతేకాదు, వెడల్పు డై కింద ఉక్కు ఎటు వీలైతే అటు పరుచుకుంటుంది. సన్నటి డైని దిమ్మెకు అడ్డంగా పెడితే ఉక్కు పొడవు వైపే పారుతుంది. మనకు కావలసింది అదే.

నమ్మకం కుదరకపోతే పిల్లలు ఆడుకునే రెండు రంగుల మట్టి కొనండి. తొమ్మిది పొరలు పేర్చి 40 మిల్లీమీటర్ల దిమ్మె చేయండి. ఒకసారి చెక్కపలకతో, ఒకసారి అప్పడాల కర్రతో అడ్డంగా నొక్కి, మధ్యకు కోసి చూడండి. పలక కింద పొరలు చదునుగానే ఉన్నా మట్టి నాలుగువైపులా పరుచుకుంటుంది. కర్ర కింద అది పొడవుకు పాకుతుంది, నొక్కినచోట పొరలు అలలా వంగుతాయి. ఆ అలల పైభాగాన్ని తర్వాత రుద్దితే నమూనాగా తేలేవి అవే. మరీ సన్నటి పెన్సిలుతో నొక్కి చూడండి. పైపొరలు సాగుతాయి, నడిమి పొరలు కదలవు, కొసలు చేప నోరులా లోపలికి గుంటపడతాయి. ఉక్కులో ఆ గుంటలోనే పొలుసు చేరి అతుకు చెడుతుంది. డై వెడల్పు దిమ్మె మందంలో మూడోవంతుకు తగ్గకూడదు.

కాబట్టి రెండు జతల డైలు చేయించుకోండి. అంచులు గుండ్రంగా తీసిన 25 మిల్లీమీటర్ల సాగదీత డై ఒకటి, అతుకుకూ చివరి చదునుకూ వెడల్పు డై ఇంకొకటి. మొదట మామూలు ఈఎన్8 ఉక్కుతో చేయించినా పని నడుస్తుంది, వాడకం పెరిగాక వేడిని తట్టుకునే హెచ్13 ఉక్కుతో చేయించుకోవచ్చు. గాడిలో జారి పిన్నుతో బిగిసే ఏర్పాటు ఉండాలి. బోల్టులు విప్పి మార్చాల్సి వస్తే ఆ బద్ధకానికి ఎప్పుడూ ఒకే డై వాడుతూ ఉండిపోతారు. వాటితోపాటు 30, 25, 20, 15 మిల్లీమీటర్ల అడ్డుముక్కలు కోయించండి. డై పక్కన పెడితే ప్రెస్సు అక్కడికి వచ్చి ఆగుతుంది, మందం కొసనుంచి కొసదాకా ఒకేలా వస్తుంది.

పీణ్యాలో ఆర్డరు ఇచ్చేటప్పుడు

బెంగళూరులోని పీణ్యా పారిశ్రామిక వాడలో ఏ వీధిలో చూసినా ప్రెస్సు సిలిండర్లు, వాటిలోకి నూనె తోసే పవర్ ప్యాకులు చేసే వర్క్‌షాపులున్నాయి. నేను కొలిమి అన్నాను, లేతు దగ్గరి కన్నడ మేస్త్రీ కులుమె అన్నాడు. ఆ తర్వాత మాకు దుబాసీ అవసరం రాలేదు. కానీ అంకెలు మాత్రం కాగితం మీద రాసి ఇవ్వండి.

210 బార్ ఒత్తిడిలో 100 మిల్లీమీటర్ల బోరు (లోపలి వ్యాసం) ఉన్న సిలిండరు 16 టన్నులకు పైగా ఇస్తుంది, 125 మిల్లీమీటర్లది 26 టన్నులు. పెద్దది తీసుకుందామని చెయ్యి లాగుతుంది. వేగం కూడా చూడండి. 5 హార్స్‌పవర్ మోటారు ఆ ఒత్తిడిలో నిమిషానికి సుమారు 9 లీటర్ల నూనె మాత్రమే తోయగలదు. దానితో 125 బోరు సెకనుకు 12 మిల్లీమీటర్లు కదిలితే 100 బోరు 19 కదులుతుంది. డై ఉక్కును తాకి ఉన్న ప్రతి సెకనూ వేడి పోతుంది కాబట్టి, 5 హార్స్‌పవర్‌తో సరిపెట్టుకునేవారికి నేను 100 బోరే చెబుతాను. 10 హార్స్‌పవర్ పెట్టగలిగితే 125 తీసుకోండి. ఏదైనా రెండు దశల పంపు అడగండి. డై ఉక్కును తాకేదాకా వేగంగా దిగి, తాకాక బలంగా నొక్కుతుంది. చేత్తో కొట్టే జాకీ బిగించిన షాపు ప్రెస్సు 20 టన్నులున్నా ఈ పనికి రాదు. ఒక్క నొక్కు పూర్తయ్యేలోపు దిమ్మె నల్లబడుతుంది.

5 హార్స్‌పవర్ మోటారుకు మూడు ఫేజుల కరెంటు కావాలి. మోటారు కొన్నాక కాకుండా ముందే బెస్కాం (బెంగళూరు విద్యుత్ సరఫరా సంస్థ)లో అడిగి కనెక్షను సంగతి తేల్చుకోండి.

చట్రం నాలుగువైపులా మూసుకున్న హెచ్ ఆకారంలో ఉంటే మేలు. ఒకవైపు తెరిచిన సీ చట్రంలో పని సులువే కానీ బరువు పడినప్పుడు నోరు తెరుచుకుంటుంది. వెల్డింగు పనితనం తెలిసినవారితోనే చేయించండి. పై డైకి రెండువైపులా గైడ్లు ఉండాలి, లేకపోతే దిమ్మె పక్కకు పెట్టినప్పుడు సిలిండరు రాడ్డు మీద వంపు పడుతుంది. కింది డై మీ మోచేయి ఎత్తుకు కాస్త కింద ఉండాలి. మీట వదిలిన క్షణమే ర్యామ్ ఆగే వాల్వు పెట్టించండి. నూనె గొట్టాలు కొలిమికి ఎదురుగా రాకుండా వెనకనుంచి తెచ్చి, వాటికి ఇనుపరేకు కవచం వేయించండి. అంత ఒత్తిడిలో సూదిమొనంత రంధ్రంలోంచి చిమ్మిన నూనె చర్మంలోకి దూసుకుపోతుంది. పైకి చిన్న చుక్కలా కనిపించినా అది ఆపరేషను అవసరమయ్యే గాయం. వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి.

చిన్న సరంజామాకు ఎస్.పి. రోడ్డు చాలు. ఫెర్రిక్ క్లోరైడు అక్కడి ఎలక్ట్రానిక్స్ దుకాణాల్లో దొరుకుతుంది. దాన్నే నీళ్లలో కొంచెం కొంచెంగా వేయాలి, దానిమీద నీళ్లు పోయకూడదు. పటకారుకు బదులు దిమ్మె కొసకు 16 మిల్లీమీటర్ల మెత్తటి ఇనుప కడ్డీ వెల్డు చేసుకుంటే మొదట్లో పట్టు తప్పదు. ప్రతి కాకకూ ఆ వెల్డు దగ్గర బీట పడిందేమో చూడండి.

ప్రెస్సు వచ్చిన మొదటి రోజు

కొలిమి వెలిగించకండి. ఖాళీగా ఇరవైసార్లు ర్యామ్ దించి ఎత్తండి. గొట్టాల వెంబడి అట్టముక్క పట్టి చూడండి, చేత్తో తడమకండి. అట్ట తడిసినచోట బిగింపు సరిచేయించండి. తర్వాత డైల మధ్య చల్లటి ఇనుప దిమ్మె పెట్టి పూర్తి ఒత్తిడికి నొక్కి, మీటరు ముల్లు 210 దాటకుండా రిలీఫ్ వాల్వు తెరుచుకుంటోందో లేదో చూడండి. చట్రం వెల్డుల మీద ముందే సున్నం నీళ్లు పూసి ఉంచితే సన్నటి చీలిక కూడా తెల్లపూతలో గీతలా బయటపడుతుంది.

మర్నాడు మామూలు మెత్తటి ఇనుప చువ్వ ఒకటి కాచి సాగదీయండి. కొసనుంచి మొదలుపెట్టి, ఒక నొక్కుకూ ఇంకో నొక్కుకూ డై వెడల్పులో సగం జరుపుతూ, ప్రతి వరుస తర్వాత చువ్వను పావు తిప్పు తిప్పండి. అడ్డకోత చతురస్రం కాకుండా వాలిపోతే ఎదురెదురు మూలల మీద పెట్టి మెల్లగా నొక్కి సరిచేయడం ఈ చువ్వ మీదే నేర్చుకోండి. పొరల దిమ్మెను పక్క అంచుల మీద నొక్కేది మాత్రం కొలిమిలోంచి అప్పుడే తీసిన పసుపు వేడిలోనే. రంగు నారింజకు దిగితే అంచులు వదిలి పొరల వైపు తిప్పండి, ఎర్రబడితే కొలిమిలో పెట్టండి. గోడమీద పాత సుద్దగీతల పక్కనే కొత్త గీతలు మొదలుపెట్టండి.